ధైర్యం చెప్పేవారి గుండెల్లో గుబులు
(కరోనా కాలంలో ఆరోగ్య సిబ్బంది పడిన ఆందోళన: ఒక పరిశీలన)

మన హాస్టళ్లలో చదివే చెల్లెళ్లను "ముందుకు ఏం చదువుతారమ్మా?" అని అడిగితే నర్సింగ్ అని చెప్పేవాళ్లు ఎప్పుడూ ఎక్కువమందే ఉంటారు. తమ్ముళ్లలో ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మసీ, హెల్త్ అసిస్టెంట్ కోర్సుల వైపు చూసేవాళ్లున్నారు. ఇక మన ఇండ్ల సంగతి చూస్తే కొందరి అమ్మలు ఆశా కార్యకర్తలు. కొందరి నాన్నలు మున్సిపాలిటీలో సఫాయి పని చేస్తారు. ఇంకొందరి పెద్దమ్మలు, చిన్నమ్మలు సర్కారు దవాఖానల్లో ఆయాలు. అంటే ఊరి మీదికి ఒక మహమ్మారి వస్తే ముందు వరుసలో నిలబడేవాళ్లలో మన ఇండ్లవాళ్లు చాలామంది ఉంటారు.

అందుకే ఈ వార్షికోత్సవ సంచికకు ఏం రాద్దామని మేము కూర్చుని మాట్లాడుకున్నప్పుడు ఈ విషయం ఎంచుకున్నాం. కరోనా మీద చాలా రాశారు. ఎన్ని కేసులు, ఎన్ని మరణాలు, ఎన్ని టీకాలు అన్న లెక్కలు మనకు తెలుసు. రోగికి ధైర్యం చెప్పిన నర్సమ్మకు రాత్రి నిద్ర పట్టిందా లేదా అన్నది మాత్రం ఎక్కువమంది అడగలేదు. రేపు ఆ ఉద్యోగంలోకి వెళ్లబోయే తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఇది ఒక పాఠంగా చదవాలని, ఇప్పటికే ఆ ఉద్యోగంలో ఉన్న మన పూర్వ విద్యార్థులు తమ గురించే రాశారని అనుకోవాలని మా కోరిక.

భయం వేరు, ఆందోళన వేరు

ముందు మాటల అర్థం తెలుసుకుందాం. ఎదురుగా పాము కనిపిస్తే కలిగేది భయం. పాము వెళ్లిపోతే భయం తగ్గుతుంది. ఇంట్లో ఎక్కడో పాము ఉందని ఎవరో చెప్పి, అది ఎక్కడుందో తెలియక రాత్రంతా మేలుకొని ఉంటే అది ఆందోళన. భయానికి కారణం కంటి ముందు ఉంటుంది. ఆందోళన "ఏమవుతుందో" అన్న ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. కరోనా వైరస్ కంటికి కనిపించదు. ఎవరిలో ఉందో ముఖం చూసి చెప్పలేం. కాబట్టి అది భయం కంటే ఆందోళననే ఎక్కువ పుట్టించింది.

మన శరీరంలో ఇది ఎట్లా జరుగుతుంది? మెదడు లోపల బాదం గింజ ఆకారంలో అమిగ్డలా అనే చిన్న భాగం ఉంది. ప్రమాదం ఉందని అనిపించగానే అది హెచ్చరిక పంపుతుంది. మూత్రపిండాల పైన టోపీల మాదిరి ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి వేగం పెరుగుతుంది, చెమట పడుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, ఆకలి చచ్చిపోతుంది. పారిపోవడానికో ఎదిరించడానికో శరీరం చేసుకునే ఏర్పాటు ఇది.

దీన్ని మన హాస్టల్ గంటతో పోల్చవచ్చు. నిప్పు అంటుకున్నప్పుడు గంట మోగితే అందరం బయటికి ఉరుకుతాం, ప్రాణాలు దక్కుతాయి. నిప్పు ఆరిపోయినా ఆ గంట రాత్రింబవళ్లు మోగుతూనే ఉంటే? ఎవరూ పడుకోలేరు, చదవలేరు, తినలేరు. కొద్దిపాటి ఆందోళన మనల్ని జాగ్రత్తగా ఉంచుతుంది. చేతులు కడుక్కోమని, మాస్కు సరిగా పెట్టుకోమని చెప్పేది అదే. ఆగకుండా మోగే గంటే జబ్బుగా మారుతుంది.

కరీంనగర్‌లో మొదటి రోజులు

2020 జనవరి 30న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనాను అంతర్జాతీయ అత్యవసర పరిస్థితిగా ప్రకటించింది. మార్చి 11న మహమ్మారి అన్నది. తెలంగాణలో మొదటి కేసు మార్చి 2న బయటపడింది. అప్పటికి అది హైదరాబాద్ సంగతే అని మన జిల్లాలవాళ్లు అనుకున్నారు.

మార్చి 14న ఇండోనేషియా దేశస్థులు 10 మంది రామగుండంలో రైలు దిగి కరీంనగర్ వచ్చారు. కొద్ది రోజుల్లోనే వాళ్లకు కరోనా ఉన్నట్టు తేలింది. వెంటనే కలెక్టరేట్ చుట్టూ 3 కిలోమీటర్ల మేర ఇల్లిల్లూ తిరిగి పరీక్షించడానికి సుమారు 100 వైద్య బృందాలను దింపారు. ముకరంపుర ప్రాంతంలో రోడ్లకు అడ్డంగా బారికేడ్లు పెట్టారు. దేశమంతటా లాక్‌డౌన్ రాకముందే కరీంనగర్ పట్టణంలో కొన్ని వాడలు మూతపడ్డాయి. రోగం ఏ మతానిదీ ఏ దేశానిదీ కాదు, రైలెక్కిన మనిషి వెంట అదీ వస్తుంది. అయినా ఆ రోజుల్లో పుకార్లు రోగం కంటే ముందు ఉరికాయి.

ఆ 100 బృందాల్లో ఎవరున్నారో ఆలోచించండి. ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు, ఆరోగ్య సహాయకులు. ఇంకా టీకా లేదు, మందు లేదు. వైరస్ గాలిలో ఎంత దూరం పోతుందో, బట్టల మీద ఎంతసేపు ఉంటుందో డాక్టర్లకే స్పష్టంగా తెలియదు. నమూనాలు తీసి హైదరాబాద్ గాంధీ ఆసుపత్రికి పంపి ఫలితం కోసం ఎదురుచూడాలి. ఆ ఎదురుచూపు రోగికి ఎంత కష్టమో, అతన్ని ముట్టుకున్న నర్సుకు కూడా అంతే కష్టం. ఊరంతా తలుపులు వేసుకొని లోపల కూర్చున్న రోజున ఆ తలుపులు తట్టే పని వాళ్లది.

అదే ఏడాది జూలై 12న పెద్దపల్లిలో జరిగిన సంఘటన చాలామందికి గుర్తుండే ఉంటుంది. జిల్లా ఆసుపత్రిలో కరోనాతో ఒకాయన చనిపోయారు. శవాన్ని శ్మశానానికి తీసుకుపోవడానికి ట్రాక్టర్ డ్రైవర్ ముందుకు రాలేదు. అప్పుడు ప్రభుత్వ వైద్యుడు డాక్టర్ శ్రీరామ్ పీపీఈ కిట్ తొడుక్కొని తానే ట్రాక్టర్ నడిపి శవాన్ని చేర్చారు. పత్రికలు ఆయనను మెచ్చుకున్నాయి, మెచ్చుకోవలసిందే. మేము ఆ వార్తలో ఇంకో విషయం కూడా చూశాం. ఆ డ్రైవర్ చెడ్డవాడని తేల్చేయడం తేలిక. అతనికీ ఇంట్లో పిల్లలుంటారు. అటువంటి పనికి పంపేవాళ్లకు ముందుగా ఏం చెప్పాలి, ఏం శిక్షణ ఇవ్వాలి, ఏ రక్షణ చూపించాలి అన్న ప్రశ్న అక్కడ ఉంది. రక్షణ ఎట్లా ఉంటుందో తెలిసిన డాక్టరు ముందుకు వచ్చారు. తెలియని మనిషి వెనక్కు తగ్గాడు. తెలియనితనం ఆందోళనకు మొదటి ఎరువు అని ఈ సంఘటన చెబుతుంది.

ఆందోళనకు కారణాలు

మా తోటివాళ్లలో ఆరోగ్య శాఖలో, ప్రైవేటు ఆసుపత్రుల్లో పనిచేసినవాళ్ల మాటలు విన్నాక, చదివినవి కూడా కలుపుకొని ఈ కారణాలను వరుసగా రాస్తున్నాం.

1. ఇంటికి రోగం మోసుకుపోతామేమోనన్న గుబులు. తమకు వస్తుందన్న భయం కంటే ఇదే ఎక్కువమందిని తిన్నది. ఇంటి బయటే స్నానం చేసి, బట్టలు వేడి నీళ్లలో వేసి, పసిపిల్లను ఎత్తుకోకుండా దూరం నుంచి చూసి పడుకున్న తల్లులు ఎందరో. మన ఇండ్లలో చాలావాటికి ఒకటే గది. ఆ ఒక్క గదిలో "ఐసోలేషన్" అన్న మాటకు అర్థమే లేదు.

2. రక్షణ సామగ్రి. 2020 మొదట్లో మన దేశంలో పీపీఈ కిట్ల తయారీ దాదాపు లేదు. మే నెల నాటికి రోజుకు లక్షల్లో తయారుచేసే స్థితికి వచ్చాం. మధ్యలో గడిచిన ఆ రెండు మూడు నెలలే అన్నిటికంటే కష్టమైనవి. కిట్ దొరికినా అది ఒక శిక్షే. రామగుండం, ఆదిలాబాద్ ఎండలు మనకు తెలియనివి కావు. ఆ ఎండల్లో ఒళ్లంతా ప్లాస్టిక్ కప్పుకొని ఆరు గంటలపాటు నీళ్లు తాగకుండా, మూత్రానికి పోకుండా పనిచేయాలి. నెలసరి సమయంలో ఆడవాళ్ల ఇబ్బంది చెప్పనలవి కాదు.

3. తోటివాళ్ల వెలివేత. మా బ్యాచ్‌లో చదివిన ఒక చెల్లెలు స్టాఫ్ నర్సు. ఆమె ఉన్న కిరాయి ఇంటి యజమాని "నువ్వు డ్యూటీ మానెయ్ లేదా ఇల్లు ఖాళీ చెయ్" అన్నాడు. నల్లా దగ్గర ఆమె బిందె పెడితే పక్కవాళ్లు తమ బిందెలు తీసుకొని దూరం జరిగేవాళ్లు. ఆ మాట చెబుతూ ఆమె, "అక్కా, ఈ జరగడం నేను చిన్నప్పుడు మా ఊరి బాయి కాడ చూసిన. ఉద్యోగం వచ్చినంక పోయిందనుకున్న" అన్నది. ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది. అంటరానితనం రుచి చూసిన కులాల నుంచి వచ్చిన సిబ్బందికి ఈ వెలి రెండుసార్లు తగిలింది. దేశంలో పలుచోట్ల ఇట్లా డాక్టర్లను, నర్సులను ఇండ్లు ఖాళీ చేయించారు. పైపైన మాత్రం చప్పట్లు కొట్టారు, దీపాలు పెట్టారు.

4. దాడులు. 2020 ఏప్రిల్ 1న గాంధీ ఆసుపత్రిలో రోగి మరణించాక బంధువులు డాక్టర్ల మీద చేయి చేసుకున్నారు. జూన్ 9న మళ్లీ దాడి జరిగింది. జూనియర్ డాక్టర్లు రోడ్డు మీద కూర్చున్నారు. రోగులందరినీ ఒక్క గాంధీకే పంపకుండా జిల్లా ఆసుపత్రుల్లో కూడా చికిత్స చేయాలని, సిబ్బందిని పెంచాలని వాళ్లు అడిగారు. ఆలోచిస్తే అది కరీంనగర్, ఆదిలాబాద్ రోగుల కోసం అడిగినది కూడా.

5. మనసుకు తగిలిన గాయం. 2021 ఏప్రిల్, మే నెలల్లో రెండో దశ వచ్చినప్పుడు పడకలు, ఆక్సిజన్ చాలక దేశమంతా అల్లాడింది. ఉన్న ఒక్క పడక ఎవరికి ఇవ్వాలి? ఊపిరి ఆడని ముసలామెకా, ఇద్దరు పిల్లల తండ్రికా? చదువు నేర్పిన ధర్మం ఒకటి, చేయగలిగింది ఇంకొకటి అయినప్పుడు కలిగే బాధను పరిశోధకులు నైతిక గాయం అంటారు. ఇది భయం కాదు, అలసట కాదు. "నేను ఇంకేమన్నా చేసి ఉండాల్సిందా?" అన్న ప్రశ్న ఏండ్ల తరబడి మిగులుతుంది.

6. రేపటి మీద భరోసా లేకపోవడం. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి రోగం భయంతోపాటు ఉద్యోగం భయం కూడా ఉండేది. కరోనా రోజుల్లో పనిచేసిన 1,600కు పైగా ఔట్‌సోర్సింగ్ నర్సులను 2021 జూలైలో రాష్ట్రంలో విధుల నుంచి తీసేశారు. వాళ్లు హైదరాబాద్‌లో ఆందోళనకు దిగారు. ఇక్కడ ఆందోళన అన్న మాటకు రెండు అర్థాలూ సరిపోతాయి.

అడవి జిల్లాలో

ఆదిలాబాద్ సంగతి విడిగా చెప్పాలి. 2016 అక్టోబర్ 11న పాత ఆదిలాబాద్ జిల్లా నాలుగు జిల్లాలైంది: ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్. గోండులు, కొలాములు, పరధాన్లు, తోటీలు, నాయకపోడులు ఉండే గూడేలు ఇందులో చాలా ఉన్నాయి. పెద్ద దవాఖాన అంటే 2008లో మొదలైన ఆదిలాబాద్ రిమ్స్. అక్కడా కాదంటే 300 కిలోమీటర్ల దూరంలో హైదరాబాద్.

ఇక్కడ వానాకాలం వస్తే మలేరియా, డెంగీ, టైఫాయిడ్ ఏటా వచ్చేవే. జ్వరం, ఒళ్లు నొప్పులు, నీరసం అన్నిటికీ ఉమ్మడి లక్షణాలే. గూడెంలో ఒకరికి జ్వరం వస్తే అది ఏ జ్వరమో ఆశా కార్యకర్తకు ఎట్లా తెలియాలి? కరోనా అని చెబితే ఊరు బెదిరి అడవిలోకి పోతుందేమో. చెప్పకపోతే పదిమందికి అంటుతుందేమో. ఆమెది ఆ గూడెమే. వాళ్లంతా ఆమె చుట్టాలే. పట్టణంలో నర్సు డ్యూటీ అయిపోగానే ఇంటికి పోతుంది. గూడెంలో ఆశా కార్యకర్తకు డ్యూటీ అయిపోవడం అనేది లేదు, రాత్రి పన్నెండింటికి కూడా ఆమె తలుపే తడతారు.

జిల్లాకు ఇంకో ప్రత్యేకత ఉంది. పెన్‌గంగ దాటితే మహారాష్ట్ర. యవత్మాల్, చంద్రపూర్ జిల్లాలతో మనవాళ్లకు పెండ్లి సంబంధాలు, అంగళ్లు, బంధుత్వాలు ఉన్నాయి. 2020 మే నెలలో వలస కూలీలు 44వ నంబర్ జాతీయ రహదారి వెంట ఆదిలాబాద్ మీదుగానే ఉత్తరాదికి నడిచిపోయారు. 2021 ఫిబ్రవరిలో యవత్మాల్, అమరావతి ప్రాంతాల్లో కేసులు పెరిగినప్పుడు సరిహద్దు గ్రామాల సిబ్బందికి అది ముందు హెచ్చరిక అయింది.

2021 మేలో రాష్ట్రమంతటా ఇంటింటి జ్వర సర్వే చేశారు. ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు, పంచాయతీ సిబ్బంది ఇల్లిల్లూ తిరిగి లక్షణాలు ఉన్నవాళ్లకు మందుల కిట్లు ఇచ్చారు. పరీక్ష ఫలితం రాకముందే మందు మొదలుపెట్టించారు. ఆ సేవ చేసిన కాళ్లు ఎన్ని వాగులు దాటాయో లెక్క కట్టలేదు. టీకాల మీద పుకార్లు పుట్టినప్పుడు గోండీలో, కొలామీలో, లంబాడీలో నచ్చజెప్పవలసి వచ్చింది కూడా వాళ్లే. 2022 మే 22న ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని సుమారు 10 లక్షల మంది ఆశా కార్యకర్తలకు గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ఇచ్చింది. 2005లో ఈ పథకం పుట్టినప్పటి నుంచి వాళ్లను ఉద్యోగులుగా గుర్తించకుండా "స్వచ్ఛంద కార్యకర్తలు" అనే పిలుస్తున్నారు. అవార్డు గోడకు వేలాడుతుంది, నెల చివర కిరాణా దుకాణంలో చెల్లదు. ఆందోళన మీద పాఠంలో జీతం మాట ఎందుకని ఎవరైనా అడగవచ్చు. కడుపు నిండని ఆలోచనలే రాత్రి నిద్రను ముందుగా తీసుకుపోతాయని మన తల్లులకు తెలుసు.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

మనసులోని ఆందోళనను కొలవవచ్చా? కొంతవరకు కొలవవచ్చు. 2006లో జీఏడీ-7 అనే చిన్న ప్రశ్నావళి వచ్చింది. ఇందులో ఏడు ప్రశ్నలుంటాయి. గడిచిన రెండు వారాల్లో గాబరా, ఆపుకోలేని చింత, కుదురుగా కూర్చోలేకపోవడం, చిరాకు, ఏదో చెడు జరుగుతుందన్న భయం వంటివి ఎన్ని రోజులు కలిగాయో అడుగుతారు. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3 మార్కులు, మొత్తం 21. 5 వస్తే తేలికపాటి, 10 వస్తే మధ్యస్థ, 15 లేదా అంతకంటే ఎక్కువ వస్తే తీవ్రమైన ఆందోళన అని అంచనా. ఇది థర్మామీటర్ లాంటిది. జ్వరం ఉందని చెబుతుంది, ఎందుకు వచ్చిందో డాక్టరే చెప్పాలి.

ఈ కొలతతో చైనాలో 2020 జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో 34 ఆసుపత్రుల్లోని 1,257 మంది డాక్టర్లను, నర్సులను పరీక్షించారు. 44.6 శాతం మందిలో ఆందోళన లక్షణాలు కనిపించాయి. 34 శాతం మందికి నిద్రలేమి ఉంది. నర్సుల్లో, ఆడవాళ్లలో, కరోనా వార్డుల్లో నేరుగా పనిచేసేవాళ్లలో తీవ్రత ఎక్కువ. అదే ఏడాది 13 అధ్యయనాలను, అంటే 33,062 మంది సిబ్బంది వివరాలను కలిపి చూస్తే ఆందోళన 23.2 శాతంగా తేలింది. ఈ రెండు అంకెలకు ఇంత తేడా ఎందుకని తెలివైన విద్యార్థి అడగాలి. ఊరు వేరు, సమయం వేరు, తేలికపాటి లక్షణాలను లెక్కలోకి తీసుకున్నారా లేదా అన్నది వేరు. శాతం చూసినప్పుడల్లా "ఎవరిని, ఎప్పుడు, ఎట్లా కొలిచారు?" అని అడగడం నేర్చుకుందాం. ఎట్లా కొలిచినా, నలుగురిలో ఒకరికి దగ్గరగా ఈ బాధ ఉందన్నది తక్కువ విషయం కాదు.

ఈ భయం ఊహ కూడా కాదు. 2003లో సార్స్ వచ్చినప్పుడు ప్రపంచంలోని మొత్తం రోగుల్లో సుమారు 21 శాతం ఆరోగ్య సిబ్బందే. 2018 మేలో కేరళలో నిపా రోగికి సేవ చేసిన లినీ అనే నర్సు అదే జబ్బుతో మరణించింది. కరోనాలో 2020 జనవరి నుంచి 2021 మే వరకు ప్రపంచంలో 80 వేల నుంచి 1 లక్షా 80 వేల మంది ఆరోగ్య సిబ్బంది చనిపోయి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన దేశంలో రెండు దశల్లో సుమారు 1,500 మంది డాక్టర్లు పోయారని భారత వైద్య సంఘం చెప్పింది. నర్సులకు, ఆయాలకు, సఫాయి కార్మికులకు, అంబులెన్స్ డ్రైవర్లకు అటువంటి పూర్తి లెక్క ఒకచోట దొరకదు. ఎవరి చావు లెక్కలోకి వస్తుందన్నది కూడా ఒక సామాజిక ప్రశ్నే.

చట్టం, బీమా

2020 మార్చి 26న కేంద్రం ఆరోగ్య సిబ్బందికి 50 లక్షల రూపాయల బీమా ప్రకటించింది. ఆశా కార్యకర్తలు, పారిశుద్ధ్య సిబ్బంది కూడా అందులోకి వచ్చారు. 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని 2020 ఏప్రిల్ 22న ఆర్డినెన్సుతో సవరించారు, సెప్టెంబర్‌లో అది చట్టమైంది. దాని ప్రకారం మహమ్మారి కాలంలో ఆరోగ్య సిబ్బంది మీద దాడి చేస్తే 3 నెలల నుంచి 5 ఏండ్ల వరకు, తీవ్ర గాయం చేస్తే 6 నెలల నుంచి 7 ఏండ్ల వరకు జైలు శిక్ష పడుతుంది. ఇల్లు ఖాళీ చేయమని వేధించడం కూడా ఈ చట్టం కింద నేరమే. 2021 జనవరి 16న టీకాలు మొదలైనప్పుడు మొదటి వంతు ఆరోగ్య సిబ్బందికి ఇచ్చారు. టీకా వేసుకున్నాక ఇంటికి పోయి పిల్లలను ఎత్తుకున్నవాళ్లకు తెలుసు అది ఎంత పెద్ద మందో.

ఏం చేస్తే తగ్గుతుంది?

"ధైర్యంగా ఉండు" అన్న మాట ఒక్కటే సరిపోదు. మూడు చోట్ల పని జరగాలి.

మొదటిది ఆసుపత్రిలో. సరైన మాస్కు, కిట్ ఇచ్చి, వాటిని తొడుక్కోవడం, విప్పడం చేతులతో చేయించి నేర్పాలి. డ్యూటీలు మార్చి మార్చి వేయాలి. తిండి, నీళ్లు, పడుకోవడానికి చోటు చూడాలి. నిజాన్ని దాచకుండా రోజూ చెప్పాలి. జీతం సమయానికి ఇవ్వాలి. మనసుకు వేసే మందుల్లో సగం ఇవే.

రెండవది తోటివాళ్ల మధ్య. ఇద్దరిద్దరు జోడీగా ఉండి ఒకరినొకరు కనిపెట్టుకోవాలి. మనసుకు ప్రథమ చికిత్స అని ఒక పద్ధతి ఉంది. దాన్ని మూడు మాటల్లో చెప్పవచ్చు: చూడు, విను, చేర్చు. ఎవరు తిండి మానేశారో, ఎవరు మాట తగ్గించారో చూడాలి. సలహాలు గుప్పించకుండా, "నీకే కాదు అందరికీ ఉంది" అని కొట్టిపారేయకుండా వినాలి. అవసరమైతే డాక్టరు దగ్గరికి, ఇంటివాళ్ల దగ్గరికి చేర్చాలి.

మూడవది మనకు మనం. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీసుకొని, ఆరు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలాలి. ఐదు నిమిషాలు ఇట్లా చేస్తే గుండె వేగం తగ్గుతుంది. ఎక్కువసేపు వదిలే ఊపిరి శరీరానికి "ప్రమాదం పోయింది" అని చెప్పినట్టవుతుంది. రోజంతా టీవీ వార్తలు, వాట్సాప్ పుకార్లు చూడకుండా రోజుకు ఒకసారి నమ్మదగిన చోట తెలుసుకోవాలి. టీలు తగ్గించాలి, నిద్ర వేళ కాపాడుకోవాలి. మద్యంతో వచ్చే నిద్ర నిద్ర కాదు.

రెండు వారాలకు మించి నిద్ర లేకపోయినా, పని చేయలేకపోయినా, ఊరికే ఏడుపు వస్తున్నా, బతకాలని లేదన్న ఆలోచన వచ్చినా ఆలస్యం చేయవద్దు. ప్రభుత్వ టెలి మానస్ ఉచిత నంబర్ 14416. ఇది 2022 అక్టోబర్ 10న మొదలైంది. రాత్రైనా పగలైనా తెలుగులో మాట్లాడవచ్చు. మందు వాడవలసి వస్తే వాడాలి. షుగర్‌కు గోలీ వేసుకోవడానికి లేని సిగ్గు దీనికెందుకు?

మన వంతు

వెనుకటి కాలంలో గత్తర వస్తే ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేసి పొలాల్లో గుడిసెలు వేసుకున్నారని పెద్దలు చెప్పేవారు. అప్పుడు మందు లేదు, పరుగే మందు. ఇప్పుడు పరుగెత్తకుండా నిలబడే మనుషులున్నారు. వాళ్లను నిలబెట్టడం మిగిలిన అందరి పని.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ అమ్మ సర్వే నుంచి ఇంటికి వస్తే ముందుగా "ఎన్ని ఇండ్లు తిరిగినవ్?" అని అడగకుండా "తిన్నవా అమ్మా?" అని అడగండి. మీ వాడలో నర్సు కిరాయికి ఉంటే నల్లా దగ్గర మీ బిందె ఆమె బిందె పక్కనే పెట్టండి. హాస్టల్లో ఎవరికైనా జ్వరం వస్తే దూరం ఉండాల్సింది మంచానికే, మనిషికి కాదని తెలుసుకోండి. కిటికీ బయటి నుంచి మాట్లాడవచ్చు, పుస్తకం అందించవచ్చు. ఇక నర్సింగ్‌కు పోయే చెల్లెళ్లకు ఒక మాట. భయం వేసిందంటే మీరు ఆ పనికి పనికిరారని అర్థం కాదు. ప్రమాదాన్ని సరిగా చూస్తున్నారని అర్థం. ఆ భయాన్ని ఒంటరిగా మోయకండి. మన పూర్వ విద్యార్థుల్లో ఆ దారిన నడిచిన అక్కలున్నారు. ఈ సంచిక ఆవిష్కరణ నాడు వాళ్లు వస్తారు, వెళ్లి పక్కన కూర్చొని అడగండి.

ఆలోచించి చెప్పండి

1. భయానికి, ఆందోళనకు తేడా ఏమిటి? మీ జీవితం నుంచి ఒక్కో ఉదాహరణ ఇవ్వండి.
2. గూడెంలో పనిచేసే ఆశా కార్యకర్త ఆందోళన, పట్టణ ఆసుపత్రి నర్సు ఆందోళన ఎందుకు వేరుగా ఉంటాయి?
3. రెండు అధ్యయనాల్లో 44.6 శాతం, 23.2 శాతం అని వేర్వేరు అంకెలు వచ్చాయి. కారణాలు ఏమై ఉంటాయి?
4. పెద్దపల్లి సంఘటనలో ట్రాక్టర్ డ్రైవర్ ముందుకు రావడానికి ఆయనకు ఏమేమి అవసరమై ఉండేవి?
5. మీ ఊరిలో కరోనా కాలంలో పనిచేసిన ఒక ఆశా కార్యకర్తతోనో, సఫాయి కార్మికుడితోనో మాట్లాడి, వాళ్లు అనుమతిస్తేనే ఒక పేజీ రాయండి. వచ్చే సంచికలో వేసుకుందాం.